నెలలు నిండిన రోజుల్లో చూసిన సినిమానే మళ్ళీ చూడటం ఎలా

ప్రసవానికి పుట్టింటికి చేరిన స్త్రీకి ఎనిమిదో నెల దాటాక ఏ వైపు తిరిగి పడుకున్నా పక్క కుదరదు. పలకరించడానికి వచ్చిన చుట్టాలేమో ఎవరిదో ఒక కష్టకాన్పు కథ చెప్పి మరీ వెళ్తారు. బిడ్డ తల కిందికి తిరిగిందా, నొప్పులు వాటంతటవే వస్తాయా, ఆపరేషన్ తప్పదా అన్న ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ ఆ పూటకు జవాబు దొరకదు. అలాంటప్పుడు ముగింపు ముందే తెలిసిన కథ మనసుకు ఇచ్చే ఊరట చిన్నదేమీ కాదు. కనుక ఈ రోజుల్లో కొత్త సినిమాల జోలికి పోకుండా, ఇప్పటికే పదిసార్లు చూసి మాటలతో సహా కంఠతా వచ్చినదాన్నే ఎంచుకోండి.

ఎంచుకునేటప్పుడు మొదట ఆలోచించవలసినది సినిమా గొప్పతనం గురించి కాదు, అందులో ప్రసవ సన్నివేశం ఉందా లేదా అన్నది. తల్లీబిడ్డల్లో ఒకరినే కాపాడగలనని డాక్టరు చెప్పే ఘట్టం మన తెర మీద ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మామూలు రోజుల్లో నవ్వుకుని వదిలేసే ఆ ఘట్టమే తొమ్మిదో నెలలో రాత్రంతా వెంటాడుతుంది. చిన్నప్పుడు ఎంత ఇష్టపడిన సినిమా అయినా, కథ సరిగా గుర్తు లేకపోతే ఇంట్లో మరొకరిని అడిగి తెలుసుకున్నాకే మొదలుపెట్టండి.

ఈ లెక్కన 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన మాయాబజార్‌కు సాటి రాగలిగినది నాకు మరొకటి కనిపించదు. మహాభారతంలోని వాళ్ళ కథే అయినా అందులో పాండవులు తెర మీదికే రారు, కురుక్షేత్రమూ రాదు. ఉన్న గొడవంతా ఒక పెళ్ళి గురించే. సుమారు మూడు గంటల ఆ సినిమాను ఒక్క బిగిన చూడనవసరం లేదు. ఘటోత్కచుడు పెళ్ళివంటలన్నీ ఒక్కడే ఆరగించే పాట ఒకనాడు, మాయా శశిరేఖగా సావిత్రి ఆ ఘటోత్కచుడి దర్పమంతా ఒలికించే ఘట్టం మరోనాడు చూసినా సరిపోతుంది.

కడుపారా నవ్వాలనిపిస్తే జంధ్యాల 1987లో తీసిన అహ నా పెళ్ళంట ఉంది. పిసినారిగా కోట శ్రీనివాసరావు వేలాడదీసిన కోడిని చూస్తూ అన్నం తినే సన్నివేశం దగ్గర మాత్రం, ముందుగా ఒకసారి బాత్రూముకు వెళ్ళి వచ్చి కూర్చోవడం మేలు. ఈ నెలల్లో గట్టిగా నవ్వితే రెండు చుక్కల మూత్రం పడటం చాలామందికి జరిగేదే, సిగ్గుపడవలసినది కాదు. అయితే నవ్వు ఆగాక కూడా నీరు కారుతూనే ఉంటే అది ఉమ్మనీరు కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

వెల్లకిలా పడుకుని చూస్తే గర్భసంచి బరువు పెద్ద రక్తనాళం మీద పడి కళ్ళు తిరగవచ్చు కాబట్టి, ఎడమ వైపు ఒత్తిగిల్లి, మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోండి. కూర్చుని చూసేటట్లయితే పాదాలను చిన్న పీట మీద ఆనించి, అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేస్తే కాళ్ళకు నీరు పట్టడం కొంత తగ్గుతుంది. బిడ్డ కదలికల లెక్కను మాత్రం సినిమాతో కలపకండి. టీవీ కట్టేసి లెక్కించండి. రెండు గంటల్లో పది కదలికలు తెలియకపోయినా, రోజూ కంటే తగ్గినట్లు అనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరును సంప్రదించండి.

భర్త ఉద్యోగం వల్ల హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండిపోతే, ఫోను కలుపుకుని ఇద్దరూ ఒకే సమయానికి సినిమా మొదలుపెట్టవచ్చు. అమ్మ పక్కన కూర్చుని చూడటంలో ఉన్న సుఖం వేరు, ఆమె పాటలో గొంతు కలిపినా విసుక్కోకండి. అయితే రెండు వారాలుగా ఎంత ఇష్టమైన సినిమా పెట్టినా మనసు నిలవక, ఊరికే ఏడుపు వస్తుంటే దాన్ని అలసట అనుకుని ఊరుకోకూడదు. తర్వాతి పరీక్షకు వెళ్ళినప్పుడు డాక్టరుకు ఆ సంగతి చెప్పండి, అంతవరకు ఆగలేకపోతే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆసుపత్రికి సర్దిన సంచిలో చార్జరు, ఇయర్‌ఫోన్లు వేసి, ఫోనులో ఒకటి రెండు సినిమాలు ముందే దించి ఉంచుకోండి. పొట్ట గట్టిపడి, పక్కకు తిరగగానే సడలిపోతే సినిమా కొనసాగించవచ్చు. నొప్పి ఒక వరుసలో వస్తూ, నొప్పికీ నొప్పికీ మధ్య వ్యవధి తగ్గుతుంటే, లేదా రక్తస్రావం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం వంటివి కనిపిస్తే, ఏ సన్నివేశంలో ఉన్నా ఆపేసి బయలుదేరండి. మిగిలిన కథ మీకు తెలిసినదే.