జుట్టు ఎందుకు రాలుతోందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

దువ్వెనలో నాలుగు వెంట్రుకలు ఎక్కువ కనబడగానే షాంపూ మార్చేస్తారు, నూనె మార్చేస్తారు. కారణం తెలియకుండా ఏది మార్చినా డబ్బు దండగే. ముదురు రంగు కాగితం, మంచి వెలుతురు, వీలైతే ఒక భూతద్దం చాలు.

1. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. తలస్నానం రోజు మాత్రం లెక్కపెట్టకండి. ఆ రోజు వచ్చేవి షాంపూ ఊడగొట్టినవి కావు, ముందే ఊడి తలలో చిక్కుకున్నవి.

2. లాగి చూడండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే. తలంటుకున్న మర్నాడు, తల పొడిగా ఉన్నప్పుడు చేయాలి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి 50–60 వెంట్రుకల పాయను మాడుకు ఆనించి పట్టుకోండి. పట్టు వదలకుండా, నెమ్మదిగా కొస దాకా వేళ్లు జారుస్తూ లాగండి.

ఒక్కసారిగా గుంజకూడదు. నొప్పి పుట్టిందంటే ఇంకా పెరుగుతున్న వెంట్రుకలను పీకుతున్నట్టే, ఆ లెక్క పనికిరాదు. పాయ లావుగా పట్టుకున్నా అంతే. నడినెత్తి, రెండు పక్కలు, వెనక వైపు విడివిడిగా చూడాలి. పాయకు ఒకటి రెండు వస్తే భయం లేదు. ప్రతిచోటా ఆరేడు వస్తుంటే నిజంగానే రాలుతోంది.

3. వచ్చిన వెంట్రుకలను ముదురు కాగితం మీద పరచండి. తెల్ల కాగితం వద్దు, చూడాల్సిన తెల్ల బొడిపె దాని మీద కనబడదు. ఆ బొడిపె చూసి వేరే ఊడిపోయిందని బెంబేలు పడతారు. అది వేరు కాదు, గడువు తీరిన వెంట్రుక మొదలు. కుదురు చర్మంలోనే ఉంటుంది. బొడిపె లేకుండా కొస చీలికలుగా ఉంటే అది రాలింది కాదు, తెగింది. బ్లీచ్, స్ట్రెయిటనింగ్ వేడి, తడి జుట్టును తువ్వాలుతో రుద్దడం అందుకు కారణాలు. గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందన్న మాటా నిజం కాదు. కత్తిరించిన కొస మొద్దుగా ఉండి లావుగా అనిపిస్తుంది తప్ప ఒక్క కుదురూ పెరగదు.

4. రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లండి. తీవ్ర జ్వరం, ఆపరేషన్, కాన్పు, కడుపు మాడ్చుకుని బరువు తగ్గడం వంటివాటి ఫలితం అప్పుడు కాదు, ఇప్పుడు కనబడుతుంది. సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. తగ్గకపోతే ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ పరీక్షలు చేయించండి. జుట్టు కోసమని బయోటిన్ (ఒక బి విటమిన్) మాత్రలు వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో ఆ సంగతి చెప్పండి. లేదంటే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు.

5. ఆకారం చూడండి. నుదుటి అంచు వెనక్కి జరుగుతూ, నడినెత్తిన వెంట్రుకలు సన్నబడుతుంటే అది వంశపారంపర్యం. తల్లి వైపు నుంచే వస్తుందనుకోకండి, తండ్రి వైపు నుంచీ వస్తుంది. టోపీకీ హెల్మెట్‌కీ దానితో సంబంధం లేదు. నాణెమంత గుండ్రంగా ఊడితే పేనుకొరుకుడు కావచ్చు. పేరులో ఉందని పేలను వెతక్కండి. ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. అక్కడ గరుకు గుడ్డతో రుద్దితే పుండు తప్ప జుట్టు రాదు. ఊడిన చోట చర్మం నున్నగా మెరుస్తున్నా, మంట, చీము ఉన్నా ఈ పరీక్షలన్నీ పక్కనపెట్టి వెంటనే చర్మవైద్యుణ్ని కలవండి. మచ్చకట్టి మూసుకుపోయిన కుదుళ్లు మళ్లీ తెరుచుకోవు.