చలికాలంలో క్రాపీకి గాలం కట్టడం ఎలా?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు డిసెంబరు రాగానే గాలాలు గరాజ్‌లో మూల పెట్టేస్తారు. చలికి చేప ఎర ముట్టదంటారు. క్రాపీ అనే మంచినీటి చేప విషయంలో అది తప్పు. నీళ్ళు చల్లబడే కొద్దీ అవి లోతుకు దిగి, మునిగిన చెట్ల కొమ్మల్లో, వంతెన స్తంభాల పక్కన గుంపుగా చేరతాయి. ఒకటి దొరికిన చోటే పది దొరుకుతాయి. పడనిది చలి వల్ల కాదు, గాలం కట్టిన తీరు వల్ల. డాలస్‌కు తూర్పున ఉన్న లేక్ ఫోర్క్ సరస్సులో ఏటా చూస్తున్నాను. రాడ్ ఖరీదైనది, పడవలో చేపల లోతు చూపే సోనార్ ఉంటుంది, దారం చివర జిగ్ (తల దగ్గర బరువున్న కొక్కెం) మాత్రం మూతి కిందికి వేలాడేసుకుని ఉంటుంది.

సామాను పెద్దగా ఏం లేదు. 17 ఏళ్ళు నిండితే టెక్సాస్ ఫిషింగ్ లైసెన్సు తప్పనిసరి. పదడుగుల మెత్తటి రాడ్, చిన్న రీలు, 6 పౌండ్ల బరువు తట్టుకునే మోనో (ఒంటిపోగు నైలాన్) దారం, 1/16 ఔన్సు జిగ్‌లు, రెండంగుళాల ప్లాస్టిక్ ఎరలు చాలు. 4 పౌండ్ల దారం కొనొద్దు, కొమ్మల్లో తెగుతుంది. బ్రెయిడ్ (జడలా అల్లిన దారం) అసలే వద్దు, అది సాగదు. క్రాపీ నోరు కాగితంలా పలచన, దారం కాస్త సాగితేనే చిరగకుండా నిలుస్తుంది. జిగ్ కొక్కెం సన్నటి తీగతో చేసినదై ఉండాలి. కొమ్మకు తగులుకున్నా నిదానంగా లాగితే వంగి బయటికొస్తుంది, వేళ్ళతో సరిచేసి మళ్ళీ వాడొచ్చు. రంగు గురించి అంత చర్చ అక్కర్లేదు: తేట నీళ్ళకు తెలుపు, బురద నీళ్ళకు నలుపు, చిలకపచ్చ కలిసినది.

ఇక ముడి. అందరూ పాడుచేసేది ఇక్కడే, కాస్త ఓపికగా చదవండి.

జిగ్ నీళ్ళలో నేలకు సమాంతరంగా, చిన్న చేప కదలకుండా నిలబడ్డట్టు ఉండాలి. చల్లటి నీళ్ళలో క్రాపీ దేన్నీ తరమదు, దగ్గరకొచ్చి చాలాసేపు చూస్తుంది. మూతి పైకెత్తో, తోక పైకెత్తో వేలాడేదాన్ని చూసి వెనక్కి పోతుంది. అందుకే జిగ్ తల మీది రింగు, కొక్కెం కాడకు 90 డిగ్రీల్లో నిలబడి ఉన్నవే కొనండి.

దారం రింగులోంచి తీసి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. కొసను రింగు పక్కనున్న చిన్న సందులోంచి, ఆపైన ఏర్పడిన పెద్ద సందులోంచి దూర్చండి. బిగించే ముందు ముడిని ఉమ్మితో తప్పకుండా తడపండి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి మోనో దారం బలం పోతుంది. జిగ్ పోయాక దారం కొస పందితోకలా మెలికలు తిరిగి కనిపిస్తే ముడి సరిగ్గా బిగియక జారిందన్నమాట. మెల్లగా, ఒకే బిగువుతో లాగండి. కొస రెండు మిల్లీమీటర్లు వదిలి కత్తిరించండి.

ఇక్కడితో పని అయిపోలేదు. బొటనవేలి గోటితో ముడిని రింగు మీద జరిపి సరిగ్గా నడినెత్తిన నిలపండి. ప్లాస్టిక్ ఎర తొడిగాక దారం పట్టుకుని కళ్ళకెదురుగా ఎత్తి చూడండి. ఎర బరువుకు వాలు మారుతుంది, అందుకే తొడగక ముందు చూసి లాభం లేదు. తోక వాలితే ముడిని గోటితో వెంట్రుకవాసి వెనక్కి, మూతి వాలితే ముందుకు జరపాలి. ప్లాస్టిక్ కూడా కొక్కెం మీద తిన్నగా ఉండాలి. వంకరగా తొడిగితే నీళ్ళలో బొంగరంలా తిరిగి దారం మెలిపడుతుంది.

రింగు చుట్టూ వదులుగా ఉండే ఉచ్చు ముడి వేస్తే ఈ బాధ ఉండదని కొందరంటారు. దాంతో జిగ్ ఊగుతుంది, వేసవికి అది మంచిదే. చలికాలానికి కావలసింది నిలకడ. బిగుతు ముడే వేయండి.

బతికున్న మిన్నో (చిన్న చేప) ఎరగా పెడితే 4వ నంబరు సన్నటి కొక్కెం చాలు. రెండు పెదవులూ కలిపి కింది నుంచి పైకి గుచ్చి, కొక్కేనికి ఒక అడుగు ఎత్తున దారం మీద చిన్న సీసపు గుండు నొక్కండి.

మా ఊరి కాలవ గట్టున వానపాము గుచ్చి ఎర అడుగుకు తగిలేలా వేసేవాళ్ళం. బెండు మునగ్గానే కర్ర ఎగరేసేవాళ్ళం. ఆ రెండు అలవాట్లూ ఇక్కడ పనికిరావు. క్రాపీ కళ్ళు తలకు బాగా పైన ఉంటాయి, పైకి చూసి తింటుంది, కిందికి దిగి తినడం అరుదు. సోనార్‌లో 20 అడుగుల దగ్గర కనిపిస్తే ఎర 18, 19 అడుగుల దగ్గర ఆగాలి. రీలు నుంచి రాడ్ మొదటి రింగు దాకా ఎంత దూరమో కొలిచి పెట్టుకోండి. రెండడుగులైతే తొమ్మిదిసార్లు లాగి వదిలితే 18. దించాక రాడ్ కదపకండి. ఎర అందుకుని చేప పైకి లేస్తుంది, అప్పుడు దారం బిగియదు, వదులవుతుంది. వదులైన క్షణంలో మణికట్టు కాస్త ఎత్తండి, అంతే. ఎగరేసి లాగితే పెదవి చిరిగి చేప పోతుంది.

లోతు నుంచి పైకొచ్చిన చేప గాలితిత్తి ఉబ్బుతుంది, వదిలినా చాలావరకు బతకదు. అందుకే లేక్ ఫోర్క్‌లో డిసెంబరు 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా 10 అంగుళాలకన్నా చిన్నవి వదిలేయాలన్న నిబంధన ఉండదు, పట్టిన ప్రతి క్రాపీనీ ఉంచుకోవాలి, రోజుకు 25 దాకా. చిన్నవి వదిలేసి పెద్దవి ఏరుకోవడం కుదరదు. 25 నిండగానే గాలం తీసేయండి. వెళ్ళే ముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చూసుకోండి.

ప్రతి చేపా పడ్డాక ముడి పక్కకు జరుగుతుంది. మళ్ళీ దించే ముందు గోటితో నడినెత్తికి జరపండి, దారం చివరి అడుగు వేళ్ళ మధ్య రాసి చూడండి. గరుకు తగిలితే అక్కడిదాకా కత్తిరించి కొత్త ముడి వేయండి.