ముసురు పట్టకముందే కిత్తనార కుండీలు చూసుకోండి

పసుపు అంచుల కిత్తనారను (అగేవ్ అనే ముళ్ల మొక్క) మిద్దె మీద కుండీలో పెట్టానని తెలిస్తే మా వైపు ఒకటే మాట: "చేని గట్టు మీద ఊరికే మొలిచేదాన్ని డబ్బులిచ్చి కొన్నావా?" మెక్సికో నుంచి వచ్చిన మొక్కే అయినా అనంతపురంలో దాన్ని పరాయిదని ఎవరూ అనుకోరు. కరువుకు చావదు కూడా. కానీ గట్టు మీద పడ్డ వాన జారిపోతుంది, కుండీలో నిలుస్తుంది. నా పెద్ద మొక్క పోయింది మే ఎండకు కాదు, సెప్టెంబరు ముసురుకు. మొవ్వు పట్టి లాగితే కంపు కొడుతూ చేతికి ఊడొచ్చింది. కుండీ కింది ప్లేటు నిండా నీళ్లు.

అందుకే జూన్ రాకముందే ఒక సాయంత్రం కుండీలన్నీ చూడండి. చెంబెడు నీళ్లు పోస్తే కాసేపట్లోనే కింది నుంచి కారాలి. కారకపోతే రంధ్రంలో చువ్వ పెట్టి పొడవండి. అప్పటికీ కారకపోతే మట్టి మార్చాల్సిందే. ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, చిన్న ఇటుక ముక్కలు ఒక పాలు నాకు బాగా కుదిరింది. కర్నూలు వైపువాళ్లు నల్లరేగడి జోలికి పోకండి, తడిస్తే బంక, ఆరితే రాయి. అడుగున కంకర పరిస్తే చాలంటారు కొందరు. పైనున్నది బంకమట్టి అయితే కింద కంకర ఏం చేస్తుంది? ప్లేటు తీసేసి కుండీని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. మట్టి మార్చాక ఓ వారం నీళ్లు పోయొద్దు, తెగిన వేర్లు ఆరాలి.

పెద్ద మొక్కను ఒక్కరే ఎత్తకండి. ఆకుల్ని పైకి దగ్గరగా చేర్చి గోనెసంచి చుట్టి తాడు కడితే ఇద్దరు సులువుగా దించొచ్చు. ఆకు కొనల ముళ్లు వంగినవాళ్ల కళ్లకు సరిగ్గా ఎదురొస్తాయి. గోళ్ల కత్తెరతో ముల్లు మొన మాత్రం తుంచండి, ఆకు తెగకూడదు. తెగితే కారే రసంలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, చర్మం మండి దద్దుర్లు వస్తాయి. పొడుగు చేతుల చొక్కా, మందపాటి గ్లవ్స్, కళ్లద్దాలు తప్పవు.

నర్సరీలో నీడ కోసం కట్టే పచ్చవల కింద పెరిగిన మొక్కను తెచ్చి నేరుగా ఎండలో పెట్టొద్దు. పసుపు, తెలుపు చారల్లో పత్రహరితం దాదాపు ఉండదు, ముందు కాలేది అవే. ఆ మచ్చ మళ్లీ పోదు. రెండు వారాలు పొద్దుటి ఎండ మాత్రమే చూపించండి.

పిలకల్లో పూర్తిగా ఆకుపచ్చగా వచ్చినవి తీసేయండి, లేకపోతే చారల పిలకల్ని అణిచేస్తాయి. పూర్తిగా తెల్లగా వచ్చిన దాన్ని విడదీసి నాటితే బతకదు, టెన్షన్ పడి మందులు కొట్టొద్దు.

వానలు మొదలయ్యాక నీళ్ల చెంబు పక్కన పెట్టండి. ముసురు రెండో రోజుకు చేరితే కుండీని చూరు కిందికి జరపండి. మొవ్వులో నీళ్లు నిలిస్తే పాత గుడ్డతో అద్ది తీయండి, ముళ్లు చూసుకుని.