పశువుల్లో దొరికిన జలగ ఏ జాతిదో తేల్చడం ఎలా?

కార్జంలో దొరికినా, పొట్టలో దొరికినా ఊళ్లో అన్నిటికీ జలగ అనే ఒక్క పేరే. చెరువులో దిగిన గేదెను పట్టుకునే నల్ల జలగకీ వీటికీ ఏ చుట్టరికమూ లేదు. ఇవి పశువు లోపల బతికే చదును పురుగులు. రైతుకు ఆ పేరు చాలు, నట్టల మందు ఇప్పిస్తాడు. కానీ పశువైద్యం చదివే పిల్లలు కూడా ఏది దొరికినా సీసా మీద "లివర్ ఫ్లూక్" (కార్జపు జలగ) అని రాసేసి చేతులు దులుపుకుంటే ఒళ్లు మండుతుంది.

కావలసినవి ఎక్కువ కాదు. ఉప్పునీళ్లు (లీటరుకు 8.5 గ్రాముల ఉప్పు), 10 శాతం ఫార్మలిన్, 70 శాతం ఆల్కహాల్, గాజు పలకలు, దారం, కార్మైన్ రంగు, మైక్రోస్కోపు, కొత్త బ్లేడు. బ్లేడు అంటే గడ్డం గీసుకునేదే. స్కాల్పెల్ వద్దు, అది నలుపుతుంది తప్ప కోయదు.

మొదట ఏ అవయవంలో దొరికిందో రాసుకోండి. సగం పని అక్కడే అయిపోతుంది. పైత్యనాళాల్లో ఆకులాంటిది ఉంటే ఫాసియోలా. మొదటి పొట్ట గోడకు దానిమ్మ గింజల్లా ఎర్రగా అతుక్కుని ఉంటే యాంఫిస్టోమ్‌లు. క్లోమంలో ఉంటే యూరిట్రెమా. రక్తనాళాల్లో దారంపోగుల్లా ఉంటే షిస్టోసోమా. మిగతావాటిలో ఆడా మగా ఒకే ఒంట్లో ఉంటాయి, వీటిలో మాత్రం విడివిడిగా ఉంటాయి. ఎద్దుకు గురక తెప్పించే ముక్కు జలగ, షిస్టోసోమా నేసేల్, ఈ కుటుంబానిదే. 1933లో దానికి ఆ పేరు పెట్టింది మన దేశపు శాస్త్రవేత్త ఎం. అనంతనారాయణ రావు.

అవయవాన్ని బట్టి సగమే తేలుతుంది, పూర్తిగా కాదు. ఒకసారి గేదె కార్జంలోవంటూ ఒక సీసా వచ్చింది, మీద ఫాసియోలా అని లేబుల్. తీసి చూస్తే ఒంటి వెనక చివర ఇంత పెద్ద చూషకం (అతుక్కుని పట్టుకునే గిన్నెలాంటి భాగం)! అది జైగాంటోకోటైల్ ఎక్స్‌ప్లానేటమ్. యాంఫిస్టోమే, కాకపోతే గేదె పైత్యనాళాల్లో కాపురం. అందుకే నోటి దగ్గరది కాక రెండో చూషకం ఎక్కడుందో చూడకుండా పేరు రాయకండి. నోటికి దగ్గరగా కడుపు వైపు ఉంటే ఫాసియోలా, వెనక కొసన ఉంటే యాంఫిస్టోమ్.

ఫాసియోలాలో రెండు జాతులు. హెపాటికాకు భుజాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది, పొడవు 2 నుంచి 3 సెంటీమీటర్లు. జైగాంటికాకు భుజాలు అంతగా ఉండవు, రెండు అంచులూ ఇంచుమించు సమాంతరంగా సాగి చివర గుండ్రంగా ముగుస్తాయి, 7 సెంటీమీటర్లు దాటేవీ ఉంటాయి. హెపాటికాది చల్లటి కొండ ప్రాంతం. మన మైదానాల్లో, కాలువల కింద మేసే గేదెల్లో దొరికేది జైగాంటికా. ఆసియాలో రెంటికీ మధ్యస్థంగా ఉండేవి కూడా ఉన్నాయి, వాటిని డీఎన్‌ఏ పరీక్షే తేల్చాలి. అలాగని ప్రతి జలగనూ పీసీఆర్ అనే ఆ డీఎన్‌ఏ పరీక్షకు పంపేవాళ్లంటే నాకు జాలి. కళ్లు ఎందుకున్నట్టు? ఫాసియోలాను ఉప్పునీళ్లలో కడిగి, ఫ్రిజ్‌లో చల్లటి నీళ్లలో ఉంచి ఒళ్లు వదులయ్యాక, రెండు గాజు పలకల మధ్య పెట్టి దారంతో కట్టి ఫార్మలిన్‌లో వేయండి. రబ్బరు బ్యాండ్ వద్దు, మరీ నొక్కేస్తుంది. కొలతలు నొక్కకముందే తీసుకోవాలి.

ఇక అసలు తంటా యాంఫిస్టోమ్‌లతో. ఫాసియోలాను నొక్కారు కదా అని వీటినీ నొక్కుతారు. అంతటితో సరి! ఇవి చదునుగా ఉండవు, గుజ్జుతో లావుగా ఉంటాయి. జాతిని చెప్పే భాగాలు, అంటే వెనక చూషకం, గొంతు కండరం, జననరంధ్రం, మూడూ ఒంటి నడిమి గీత మీదే ఉంటాయి. నొక్కితే అవి ఒకదాని మీద ఒకటి పడి చిత్తడవుతాయి. 1937లో నాస్‌మార్క్ అనే శాస్త్రవేత్త ఈ మూడింటి కండరాల అమరికను బట్టే వీటిని విడదీశాడు. దాన్ని చూడాలంటే నిలువుకోత తప్పదు.

కాబట్టి నొక్కకుండానే ఫార్మలిన్‌లో ఉంచండి, తర్వాత ఆల్కహాల్‌లో గట్టిపడనివ్వండి. తొందరపడి మెత్తగా ఉన్నప్పుడే బ్లేడు పెడితే గుజ్జు బ్లేడుకు అంటుకుని వస్తుంది. ముందు ఒక పురుగును వెనక భాగంలో అడ్డంగా కోయండి. కడుపు వైపు ఖాళీ గది కనిపిస్తే సంచి ఉన్న కుటుంబం. అందులో రెండు ముష్కాలూ పక్కపక్కన ఉండి, గర్భకోశం ఒంటి మధ్యలో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు దాటితే గ్యాస్ట్రోథైలాక్స్. పక్కపక్కనే ఉన్నా గర్భకోశం నడి గీత వెంటే సాగితే కార్మైరియస్. ఒకటి వీపు వైపు, ఒకటి కడుపు వైపు ఉంటే ఫిషోడెరియస్.

సంచి లేకపోతే ఇంకో పురుగును తీసుకోండి. కోసిన దాన్నే మళ్లీ నిలువుగా కోద్దామనుకోకండి. ఒంపు తిరిగిన పురుగును బంగాళదుంప ముక్క మీద పక్కకు పడుకోబెట్టి, నడి గీతకు కాస్త ఇవతల నుంచి మొదలుపెట్టి, జననరంధ్రం కనిపించేదాకా పొర పొరగా చెక్కుతూ రండి. ఒకే వేటుకు రెండు ముక్కలు చేద్దామనుకుంటే పదింట తొమ్మిదిసార్లు గీత తప్పుతారు. గీత తప్పితే చూషకం ఉన్నదానికంటే చిన్నగా కనిపిస్తుంది, మీరు ధైర్యంగా తప్పు పేరు రాసేస్తారు. కోత బాగా వచ్చాక కార్మైన్ పలచగా పట్టించి, లవంగనూనెలో ఉంచి చూడండి. జననరంధ్రం చుట్టూ మరో చిన్న చూషకం ఉంటే కోటిలోఫోరాన్. లేకపోతే కండరాల అమరికను నాస్‌మార్క్ పద్ధతి పటంతో పోల్చుకోవాల్సిందే.

ఒక పొట్టలో ఒకే జాతి ఉంటుందనుకోకండి. మూడు నాలుగు కలిసే ఉంటాయి, కనీసం ఇరవై పురుగులైనా చూడాలి.

పురుగు దొరక్క పేడ మాత్రమే ఉంటే నీటి మీద తేలే గుడ్ల కోసం వెతక్కండి, జలగ గుడ్లు బరువు కాబట్టి అడుగున పేరుకుంటాయి. పైత్యం రంగు పట్టి పసుపుగా ఉంటే ఫాసియోలా, రంగు లేకుండా తేటగా ఉంటే యాంఫిస్టోమ్. ఆ గుడ్డును చూసి యాంఫిస్టోమ్ జాతి చెప్పగలమనేవాళ్ల మాట నమ్మకండి.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి. పెన్ను రాత ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.