పగడం పాలిపోతోందా? పురుగు కన్నా ముందు గుడ్లు వెతకండి

ఇంట్లో ఉప్పునీటి ట్యాంకులో పెంచే అక్రోపోరా (కొమ్మల్లా పెరిగే రాతిపగడం) కొమ్మ రంగు తగ్గితే మనలో చాలామంది మొదట తీసేది ఆల్కలినిటీ (నీళ్ల క్షార సామర్థ్యం) టెస్టు కిట్టు. నేనూ అదే తీశాను. 8.3 వచ్చింది, బాగానే ఉందనుకున్నాను. లైటు తగ్గించాను, మళ్లీ పెంచాను. రెండు వారాలు అదే టెన్షన్. చివరికి కొమ్మ మొదలు దగ్గర భూతద్దం పెట్టి చూస్తే, ఇటుకలు పేర్చినట్టు దగ్గరదగ్గరగా గోధుమరంగు గుడ్లు. అప్పటికే సగం కొమ్మ పోయింది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఇది నీళ్ల గొడవా, పురుగు గొడవా అన్నది. ఆల్కలినిటీ ఒక్కసారిగా పెరిగినా తగ్గినా దెబ్బ ఒక జాతికే తగిలి ఆగడం అరుదు, రకరకాల రాతిపగడాలు ఆ నాలుగు రోజుల్లోనే ముడుచుకుంటాయి. పురుగు అలా కాదు, దానికి తిండి పట్టింపు ఎక్కువ. అక్రోపోరాను తినేది పక్కనున్న మాంటిపోరాను (ఇంకో రకం రాతిపగడం) ముట్టదు. చుట్టూ అన్నీ కళకళలాడుతూ ఒక్క జాతే చిక్కిపోతుంటే పురుగును అనుమానించండి. లైట్లు ఆరిన గంట తర్వాత ఎర్రకాంతి టార్చితో చూడండి, పగలు దాక్కున్నవి చాలావరకు అప్పుడు బయటికొస్తాయి.

కొమ్మ మీద చిన్న గుండ్రటి పాలిపోయిన మచ్చలు

ఇది అక్రోపోరాను తినే ఫ్లాట్‌వార్మ్ పని. 2011లో గానీ దీనికి శాస్త్రీయ నామం పెట్టలేదు, అప్పటికే హాబీలో ఎన్నో ట్యాంకులను తినేసింది. పలచగా, చదునుగా, తాను తినే పగడం రంగులోనే ఉంటుంది. ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు. అందుకే కళ్లను నమ్ముకోకండి. వంటింటి సామాన్ల దగ్గర టర్కీ బేస్టర్ అని అమ్ముతారే, రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం, దాంతో కొమ్మ మీద గట్టిగా నీళ్లు కొట్టండి. పలచటి పొర లాంటిది ఊడి నీళ్లలో ముడుచుకుంటూ తేలితే ఇక అనుమానం లేదు.

మందు సంగతి. ట్యాంకు నీళ్లు ఒక తెల్ల బకెట్లోకి తీసుకుని, కోరల్ డిప్ (పగడాన్ని ముంచి పురుగులు వదిలించే మందు) సీసా మీద రాసిన మోతాదు, సమయం ప్రకారం పగడాన్ని ముంచండి. మునిగి ఉన్నంతసేపూ బేస్టర్‌తో కొడుతూనే ఉండండి. తర్వాత వేరే శుభ్రమైన ఉప్పునీటిలో కడిగి తీయండి. డిప్ నీళ్లు పారబోయాల్సిందే, ట్యాంకులో మళ్లీ కలపకూడదు.

అసలు చిక్కు ఇక్కడే. డిప్ పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. చాలామంది ఒకసారి ముంచి, రాలిన పురుగులను ఫొటో తీసి, పని అయిపోయిందనుకుంటారు. కొన్ని రోజులకు గుడ్లు పొదిగి కథ మొదటికొస్తుంది. గుడ్లు ఉండేది బతికున్న చర్మం మీద కాదు, దాని అంచున బయటపడ్డ తెల్లటి అస్థిపంజరం మీద. కనిపించిన ప్రతి ముద్దనూ బ్లేడుతో గీకేయండి. చచ్చిన మొదలు భాగాన్ని విరిచి పారేసి, బతికున్న కొమ్మను కొత్త ప్లగ్ (పగడం ముక్కను నిలబెట్టే చిన్న దిమ్మ) మీద సూపర్‌గ్లూతో అతికించండి. పాత ప్లగ్ మీద జాలి పడకండి. ఆ తర్వాత వారానికోసారి, కనీసం ఆరు వారాలు డిప్ చేయాలి. నీళ్లు వెచ్చగా ఉంటే గుడ్లు త్వరగా పొదుగుతాయి, కాబట్టి వారం కన్నా ఎడం పెంచొద్దు. ఈ ఆరు వారాలూ ముక్కలను వేరే చిన్న ట్యాంకులో ఉంచండి. పెద్ద ట్యాంకులో ఒక్క అక్రోపోరా కూడా ఉండకూడదు, తిండి లేకపోతే అక్కడ మిగిలిన పురుగులు పోతాయి. రాతికి పాకి అతుక్కుపోయిన ముక్కను వదిలేస్తే పడిన కష్టమంతా వృథా.

పత్తికి కొట్టే ఇమిడాక్లోప్రిడ్ గుంటూరు, వరంగల్ రైతులకు బాగా తెలుసు. అమెరికాలో కొందరు అదే రకం తోటమందును డిప్‌గా వాడతారు. పనిచేస్తుంది. కానీ లేబుల్ మీద పగడాల ఊసే ఉండదు, చుక్క ట్యాంకులో పడితే రొయ్యలకూ పీతలకూ ముప్పు. పగడాల కోసమే చేసిన డిప్ దొరుకుతుండగా దాని జోలికి ఎందుకు అన్నది నా మాట.

మాంటిపోరా పలక అంచు నుంచి తెల్లబడుతోంది

పలకను తిప్పి అడుగు చూడండి. రెండు మూడు మిల్లీమీటర్ల తెల్లటి, ఈకల్లాంటి పోగులున్న నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు), పక్కనే తెల్ల గుడ్ల గుంపులు ఉంటాయి. వైద్యం పైదే, కాకపోతే ఐదారు రోజులకోసారి ముంచాలి. సిక్స్‌లైన్ రాస్ లాంటి చేపలు కొన్నిటిని ఏరుకుతింటాయి గానీ పూర్తిగా వదిలించలేవు.

మచ్చల్లేవు, పాలిప్స్ (పగడంలోని చిన్న చిన్న జీవులు) మాత్రం బయటికి రావడం లేదు

నున్నటి చర్మమున్న అక్రోపోరా అయితే రెడ్ బగ్స్ కావొచ్చు. అర మిల్లీమీటరు పసుపు చుక్క, మధ్యలో ఎరుపు, భూతద్దం తప్పనిసరి. కుక్కల హార్ట్‌వార్మ్‌కు వాడే మిల్బెమైసిన్ వీటిని చంపుతుంది. పశువైద్యుడి చీటీ కావాలి. ఇవీ రొయ్య జాతి బంధువులే కాబట్టి ఆ మందు ట్యాంకులో వేస్తే మీ రొయ్యలు, పీతలు, కోపెపాడ్‌లు (రొయ్య జాతికే చెందిన అతిచిన్న జీవులు) కూడా పోతాయి. పగడాన్ని బయటికి తీసి వేరే గిన్నెలో చేయడం మేలు.

జోవాంథిడ్‌లు (పగడాల బంధువులైన మెత్తటి జీవులు) రోజుల తరబడి మూసుకునే ఉన్నాయి

వాటి రంగే పూసుకున్న నూడిబ్రాంక్ గానీ, మెట్ల మెలికలా చుట్టుకున్న సన్‌డయల్ నత్త గానీ ఉంటుంది. పట్టకారుతో ఏరి, తర్వాత డిప్ చేయండి. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా మాత్రం చేయి పెట్టకండి. కొన్ని జోవాంథిడ్‌లు, ముఖ్యంగా పాలీథోవాల్లో పాలిటాక్సిన్ అనే ప్రాణాంతక విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని మరిగించడం, బ్రష్‌తో రుద్దడం అసలు వద్దు. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లున్నారు.

ఇక మిగతావి. ఐప్టేసియా (ఒక చిన్న సీ ఎనిమోన్) పగడాన్ని తినదు, కుట్టి చోటు లాక్కుంటుంది. నలిపితే ముక్క ముక్కా మళ్లీ మొలుస్తుంది, కాబట్టి దాని నోట్లోకి చిక్కటి సున్నపు ముద్ద ఎక్కించండి. జిగురు వల విసిరే వెర్మెటిడ్ నత్త గొట్టం మూతికి సూపర్‌గ్లూ చుక్క చాలు. రాళ్ల కింద తిరిగే బ్రిసిల్ వార్మ్‌ను (ఒళ్లంతా ముళ్లలాంటి వెంట్రుకలుండే పురుగు) అనవసరంగా చంపకండి. అది తినేది ఎక్కువగా చచ్చినదాన్ని, అందుకే నేరం జరిగిన చోట దొరికిపోతుంది.

ఇండియా నుంచి అడిగేవారికి ఒక మాట: రాతిపగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. అక్కడ వీటిని సముద్రంలోంచి తీయడం, అమ్మడం నేరం. నేను చెప్పేదంతా అమెరికాలో చట్టబద్ధంగా పెంచి అమ్మే ముక్కల గురించే.

కొత్త ముక్క కొన్నప్పుడు ఇంటికి తెచ్చిన రోజే ప్లగ్ మార్చి, డిప్ చేసి, చిన్న క్వారంటైన్ ట్యాంకులో పెట్టండి. వారం వారం ముంచి బకెట్ అడుగు చూడండి. చివరి రెండు డిప్‌లలో ఏమీ రాలకపోతేనే పెద్ద ట్యాంకులోకి. ఒక్కటి రాలినా లెక్క మళ్లీ మొదటి వారం నుంచి.