ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మార్పిడి నడిపే ముందు అవుట్‌పుట్ విషయంలో జాగ్రత్తలు

ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ పత్రాన్ని మరో రూపంలోకి మార్చే భాష. ఆ మార్పిడి నియమాలుండే స్టైల్‌షీట్‌లో, ఫలితాన్ని ఎలా రాయాలో చెప్పే అవుట్‌పుట్ ఎలిమెంట్ రాశారో లేదో ముందుగా చూసుకోవాలి. మెథడ్ (ఫలితం ఏ రకంగా ఉండాలన్నది) చెప్పకపోతే, మార్పిడి నడిపే ప్రోగ్రామ్ అయిన ప్రాసెసరే ఊహిస్తుంది: ఫలితంలో మొదటి ఎలిమెంట్ పేరు హెచ్‌టీఎమ్‌ఎల్ అయి, దానికి నేమ్‌స్పేస్ (పేరు ఏ పదజాలానికి చెందిందో చెప్పే గుర్తింపు) లేకపోతే హెచ్‌టీఎమ్‌ఎల్‌గా, లేకుంటే ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా రాస్తుంది. ఎక్స్‌హెచ్‌టీఎమ్‌ఎల్ నేమ్‌స్పేస్ ఉన్న పేజీని 1999 నాటి 1.0 ప్రమాణం ప్రకారం ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా రాసినప్పుడు, ఖాళీ స్క్రిప్ట్ ట్యాగు తనంతట తాను మూసుకున్న రూపంలో వస్తుంది. దాన్ని మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్‌గా చదివే బ్రౌజరు, ట్యాగు ఇంకా మూయలేదనుకొని మిగతా పేజీని మింగేస్తుంది.

ఎన్‌కోడింగ్‌ను, అంటే అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిని, యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయడం మంచిది. తెలుగు అక్షరాలు లేని ఆస్కీ అని పెడితే ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో "అ" అక్షరం "అ"గా మారుతుంది. అది తప్పు కాదు గానీ, కంటితో చదివి సరిచూడాల్సినవారికి నరకమే. ఉత్త పాఠ్యాన్ని రాసే టెక్స్ట్ మెథడ్‌లో అక్షరాన్ని ఇలా అంకెగా రాసే వెసులుబాటు కూడా లేదు.

ఫలితంలో వరుసలను జరిపి అమర్చే ఇండెంట్‌ను అలవాటుగా "యెస్" చేయకూడదు. వాక్యం మధ్యలో ట్యాగులుండే రచనల్లో అదనపు ఖాళీలు చేరి, పదం పక్కన కామా విడిపోవచ్చు.

ఫలితాన్ని ఫైలుగా కాక మెమరీలో ట్రీగా అందుకుంటుంటే ఈ అమరికలేవీ పనిచేయవు, ఎందుకంటే అవి రాసే దశకే చెందినవి. మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో, మెమరీలోని స్ట్రింగ్‌లోకి రాసే స్ట్రింగ్‌రైటర్‌ను వాడితే, ఎక్స్‌ఎమ్‌ఎల్ మొదటి వరుసలోని డిక్లరేషన్‌లో యూటీఎఫ్-16 అని పడుతుంది. దాన్ని యూటీఎఫ్-8 ఫైలుగా భద్రపరిస్తే తర్వాత చదివే పార్సర్ తిరగబడవచ్చు.

ఎస్కేపింగ్‌ను (ప్రత్యేక గుర్తులను సురక్షిత రూపంలోకి మార్చి రాయడాన్ని) ఆపే అట్రిబ్యూట్ జోలికి మాత్రం పోవద్దు. దాన్ని పట్టించుకోవాలన్న నిర్బంధం ప్రాసెసర్‌కు లేదు.