అమెరికా సరిహద్దు కాలపు కత్తి, తోలు ఒర

19వ శతాబ్దపు అమెరికా వేటగాళ్ల కత్తి చేయడానికి ముడి ఉక్కుగా పాత ఆకురాయి బాగానే ఉంటుంది. కానీ ఇప్పటి చవక ఆకురాళ్లలో కొన్నింటికి పైపొరే గట్టి. 1084 రకం (కార్బన్ ఎక్కువున్న) ఉక్కు పట్టీ, 4 మి.మీ. మందంది కొనడమే మేలు.

పట్టీని కాల్చి, నారింజ రంగులో ఉండగా సుత్తితో కొట్టండి, మసక ఎరుపుకు దిగితే ఆపండి. లేదంటే పగుళ్లే. అంచు పలచబడేకొద్దీ సాగి, కత్తి వెన్నువైపు వంగుతుంది. అందుకే ముందే పట్టీని అంచువైపు కాస్త వంచి పెట్టుకోవాలి. అరగదీసేటప్పుడు అంచు 1 మి.మీ. మందం ఉంచండి. మరీ పలచనైతే నూనెలో ముంచగానే మెలి తిరుగుతుంది.

అయస్కాంతం అంటుకోని వేడి దాటి, ఇంకాస్త ఎక్కాక (దాదాపు 815 డిగ్రీలు) 50 డిగ్రీల వంటనూనెలో నిలువుగా ముంచాలి. తర్వాత అంచు మీద ఆకురాయితో గీస్తే, అది కొరకకుండా జారితే గట్టిపడినట్టే. ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర రెండేసి గంటలు, రెండుసార్లు ఉంచాలి. మెరుగుపెట్టిన చోట ఎండుగడ్డి రంగు రావాలి.

ఒరకు చెట్టు బెరడుతో ఊనిన (పదును చేసిన) 3 మి.మీ. తోలు తీసుకోండి. మన తంగేడు చెక్క తోలైనా సరే. క్రోమ్ తోలులో (క్రోమియం లవణాలతో ఊనినది) కత్తి తుప్పు పడుతుంది. అంచు వెంట రెండు పొరల మధ్య తోలు పట్టీ పెట్టకపోతే కత్తి దారాన్నే కోసేస్తుంది. కుట్లు 4 మి.మీ. దూరంలో, మైనం రాసిన నారదారంతో. అలంకారానికి ఇత్తడి మేకులు, ఆ పట్టీ మీదే.